‘హ్యాడ్ యు గాన్?’ అని అడిగితే తప్పేముంది?

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక టీచరమ్మ రాశారు. పేరు, బడి పేరు వెయ్యవద్దన్నారు. ఉత్తరం పెద్దది, అందులో ముఖ్యమైన సంగతులివి.

ఆమె పుట్టింది పర్లాకిమిడిలో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మీడియం. డిగ్రీలో ఇంగ్లీషు ఇష్టంగా చదివారు. పెళ్ళయి రాయగడ వచ్చాక ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో ఏడు, ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు చెబుతున్నారు. దసరా సెలవులయ్యాక పిల్లల చేత మాట్లాడిద్దామని ఒక వర్క్‌షీట్ తయారుచేశారు. ‘హ్యాడ్ యు గాన్ టు యువర్ గ్రాండ్‌మదర్స్ హౌస్?’, ‘వేర్ హ్యాడ్ యు సీన్ ద పూజా?’, ‘వాట్ హ్యాడ్ యు ఈటెన్ దేర్?’ ఇలా సాగాయి ప్రశ్నలు. బదిలీ మీద ఊరికి వచ్చిన ఒక బ్యాంకు ఆఫీసరు కూతురు అదే తరగతి. ఆయన ఆ కాగితం మీద ప్రతి ‘హ్యాడ్’ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ఫోటో తీసి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ప్రిన్సిపాల్ పిలిచి, వచ్చే నెల మేనేజ్‌మెంట్ ముందు ఒక డెమో క్లాసు చెప్పమన్నారు. తొమ్మిదో తరగతి ఇవ్వాలా వద్దా అన్నది దాన్ని బట్టేనట.

చిక్కు ఇంకొకటుంది. అలా అడగాలని ఆమెకు మొదట్లో చెప్పింది ఆ బడిలోనే ఉన్న సీనియర్ సారు. జరిగిపోయి చాలా రోజులైన సంగతి అడిగితే హ్యాడ్ వెయ్యాలనీ, ‘డిడ్ యు’ అంటే గదమాయించినట్టు ఉంటుందనీ, హ్యాడ్‌లోనే మర్యాద ఉందనీ ఆయన నమ్మకం. అర్ధసంవత్సర పరీక్ష పేపరు తయారుచేసేది కూడా ఆయనే. ‘సారుతో పెట్టుకోకు, నీకెందుకు’ అంటారు ఇంటాయన. ఆ గొడవ తర్వాత ఆమె క్లాసులో ప్రశ్నలు అడగడమే మానేశారు. పాఠం చదవడం, జవాబులు రాయించడం, గంట కొట్టగానే వచ్చెయ్యడం. ‘ఏది రైటో చెప్పండి. పిల్లలకు ఏమని చెప్పాలి? సారు ముందు ఎలా నిలబడాలి? మాలాంటి బోర్డరు వాళ్ళకి తెలుగూ పూర్తిగా రాదు, ఒడియా రాదు, ఇంగ్లీషు అసలే రాదు అంటుంటారు, నిజమేనేమో’ అని ముగించారు.

అమ్మా, ముందు వ్యాకరణం తేల్చేద్దాం. ఆ ప్రశ్నల విషయంలో బ్యాంకు ఆయన చెప్పింది సరైనదే. ఫోటో తీసి గ్రూపులో పెట్టడం మాత్రం పెద్దమనిషి చేసే పని కాదు. ఈ రెండిటినీ వేరువేరుగా చూడండి. ఆయన పద్ధతి మీద కోపంతో ఆయన చెప్పిన విషయాన్ని కాదనక్కర్లేదు.

‘డిడ్ యు గో టు యువర్ గ్రాండ్‌మదర్స్ హౌస్?’ అంటే చాలు, అమ్మమ్మగారింటికి వెళ్ళావా అని. అక్కడ ‘హ్యాడ్ యు గాన్’ అనగానే ఇంగ్లీషు బాగా అలవాటైన చెవి ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూస్తుంది. ఎప్పటికి వెళ్ళి ఉన్నావా అని? సెలవులు మొదలయ్యేసరికా, నేను ఫోన్ చేసేసరికా? పాస్ట్ పర్ఫెక్ట్‌కు, అంటే ఈ ‘హ్యాడ్ గాన్’ రూపానికి, గతంలో రెండు క్షణాలు కావాలి. ఒకటి ముందుది, ఒకటి తర్వాతది. ఆ తర్వాతి క్షణం దగ్గర నిలబడి వెనక్కి చూసి అడిగే ప్రశ్నకే హ్యాడ్. రెండో క్షణం లేకపోతే వెనక్కి చూడడానికి నిలబడే చోటే లేదు.

సంగతి ఎంత పాతది అన్నదానితో దీనికి సంబంధం లేదు. మీ సారు నియమం చెడేది ఇక్కడే. అశోకుడు కళింగం మీద యుద్ధానికి వచ్చి రెండు వేల రెండు వందల ఏళ్ళు దాటింది, అయినా ‘వై డిడ్ అశోకా అటాక్ కళింగ?’ అనే అడుగుతారు. అదే ఈ ఉదయం జరిగిన దానికి హ్యాడ్ రావచ్చు: ‘హ్యాడ్ ద బెల్ రంగ్ వెన్ యు రీచ్డ్ స్కూల్?’ నువ్వు బడికి చేరేసరికే గంట కొట్టేశారా అని. మొదటిది అంత పాతదైనా డిడ్‌తో సరిపోయింది. రెండోది గంటల కిందటిదే, హ్యాడ్ కావలసి వచ్చింది.

మరి మీ నోట్లోకి ఆ హ్యాడ్ ఎక్కడినుంచి వచ్చింది? సారు చెప్పారు సరే, కానీ చెప్పగానే మీకు సహజంగా ఎందుకు అనిపించింది? మీరు ఏ భాషలో చదువుకున్నారో గుర్తుచేసుకోండి. ఒడియాలో నిన్న బడికి వెళ్ళావా అనడానికి ‘తుమే కాలి స్కూల్ జాఇథిల కి?’ అంటారు. ఆ ‘జాఇథిల’ను ముక్కలు చేసి ఇంగ్లీషులో పెడితే సరిగ్గా ‘హ్యాడ్ గాన్’ వస్తుంది. ఒడియాకు అది నిక్షేపంగా సరైన మాట, వెనక రెండో సంఘటన ఏదీ అక్కర్లేదు. హిందీలో ‘గయే థే క్యా’ అన్నా, మరాఠీలో ‘గేలా హోతాస్ కా’ అన్నా ఇదే కథ. అందుకే అటు సిరొంచ, బల్లార్‌పూర్ వైపు మరాఠీలో చదువుకున్న మన తెలుగు పిల్లల నోటా ఈ హ్యాడ్ రావడంలో వింత లేదు. తెలుగులో ‘వెళ్ళావా’ ఒక్కటే, ముక్కలు లేవు. కాబట్టి ఒక్క తెలుగులోనే ఆలోచించి ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు ఇక్కడ హ్యాడ్ జోలికి పెద్దగా పోరు, వాళ్ళు ‘డిడ్ యు వెంట్’ దగ్గర జారిపడతారు. ఎవరి గుంట వారికుంది!

సారు నియమానికి ఇంకో మూలం కూడా ఉందని నా అనుమానం. పరీక్షల్లో రిపోర్టెడ్ స్పీచ్ ఉంటుంది కదా. ‘డిడ్ యు గో టు ద మార్కెట్?’ అన్న ప్రశ్నను ‘హి ఆస్క్డ్ మి ఇఫ్ ఐ హ్యాడ్ గాన్ టు ద మార్కెట్’ అని మార్చాలి. ఏళ్ళ తరబడి పిల్లల చేత డిడ్‌ను హ్యాడ్ చేయించిన మాస్టారికి, గతం గురించిన ప్రశ్న కనబడితే హ్యాడ్ వైపు చెయ్యి పోవడం ఆశ్చర్యమేమీ కాదు. కానీ ఆ మార్పు ఎందుకు జరిగిందో చూడండి. అతను అడిగాడు, అది ఒక గతం. నేను బజారుకు వెళ్ళడం అంతకంటే ముందరి గతం. ఇక్కడా రెండు క్షణాలు ఉన్నాయి. నేరుగా అడిగేటప్పుడు ఒకటే ఉంది. కాబట్టి సారు తెలియక చెబుతున్నారని అనుకోకండి, ఒక చోటి నియమాన్ని ఇంకో చోటికి తెచ్చారు. ఆయనతో మాట్లాడేటప్పుడు ఈ తేడా మీకు పనికొస్తుంది.

మర్యాద సంగతి. తెలుగులో ‘వెళ్ళారా అండీ’ అంటే సరిపోతుంది, ఒడియాలో ‘ఆపణ’ ఉంది. ఇంగ్లీషు ‘యు’లో నువ్వూ మీరూ ఒకటే అయ్యేసరికి, మర్యాద ఎక్కడ పెట్టాలో తోచక మనవాళ్ళు క్రియలో వెతుకుతారు. ‘హ్యాడ్’లో అది లేదు. ‘వై డిడ్ యు కమ్ లేట్?’ అంటే గదమాయించినట్టు ఉంటే, ఆ గదమాయింపు ‘వై’లోనూ గొంతులోనూ ఉంది. ‘వై హ్యాడ్ యు కమ్ లేట్?’ అన్నా కోపం తగ్గదు, పైగా వాక్యం చెడుతుంది. మర్యాద కావాలంటే ‘మే ఐ ఆస్క్’ అని మొదలుపెట్టండి, ‘మేడమ్’ చేర్చండి, నెమ్మదిగా అడగండి.

ఇప్పుడు మీకు క్లాసులో పనికొచ్చే పరీక్ష ఒకటి చెబుతాను. ప్రశ్నను తెలుగులో అనుకుని అందులో ‘అప్పటికే’ పెట్టి చూడండి. అతుక్కుంటే హ్యాడ్, అతక్కపోతే డిడ్. ‘దసరాకి అమ్మమ్మగారింటికి అప్పటికే వెళ్ళావా?’ ఎప్పటికే? అతకలేదు, కనుక డిడ్. ‘నువ్వు స్టేషన్‌కు వచ్చేసరికి రైలు అప్పటికే వెళ్ళిపోయిందా?’ హాయిగా అతికింది: ‘హ్యాడ్ ద ట్రెయిన్ లెఫ్ట్ వెన్ యు రీచ్డ్ ద స్టేషన్?’ ఒడియా బాగా వచ్చిన పిల్లలకు ‘సెతెబెళకు’ అని చెప్పండి, అదీ ఇదే పని చేస్తుంది. ‘జాఇథిల’ను నమ్ముకుంటే మోసపోతారు, ‘సెతెబెళకు’ మోసం చెయ్యదు.

ఈ పరీక్ష ఎంత పదునైనదో ఒక జంటతో చూపించండి. పెళ్ళిభోజనాలకు వెళ్ళిన పిల్లవాణ్ణి అడుగుతున్నాం. ‘వెన్ యు గాట్ దేర్, డిడ్ దే ఈట్?’ అంటే నువ్వు వెళ్ళాక వాళ్ళు తిన్నారా అని, నీకోసం ఆగినట్టు. ‘వెన్ యు గాట్ దేర్, హ్యాడ్ దే ఈటెన్?’ అంటే నువ్వు వెళ్ళేసరికే తినేశారా అని. ఒక దాంట్లో పిల్లవాడికి విస్తరి దొరికింది, ఇంకో దాంట్లో దొరికిందో లేదో! రెండూ సరైన వాక్యాలే, అర్థాలు మాత్రం వేరు. హ్యాడ్ అంటే ఏమిటో పిల్లలకు తెలిసేది ఇలాంటి చోటే, ఖాళీలు నింపే అభ్యాసాల్లో కాదు.

రెండో క్షణం అదే వాక్యంలో ఉండి తీరాలని కూడా లేదు. ‘ఐ రీచ్డ్ ద స్టేషన్ ఎట్ నైన్’ అని ఒకరంటే, ‘హ్యాడ్ ద ట్రెయిన్ లెఫ్ట్?’ అని మనం పొట్టిగా అడగవచ్చు. తొమ్మిది గంటలు అప్పటికే మాటల్లోకి వచ్చేసింది కదా. మీ వర్క్‌షీట్‌లో ప్రశ్నలు ఒక్కొక్కటీ విడిగా నిలబడ్డాయి, వెనక కథ లేదు. అందుకే దొరికిపోయాయి. ఇంకొకటి: ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’ ఉన్నప్పుడు ఏది ముందో ఆ మాటే చెప్పేస్తుంది. ‘డిడ్ యు ఈట్ బిఫోర్ యు కేమ్?’ అన్నా తప్పు లేదు. అక్కడ హ్యాడ్ వెయ్యలేదని పిల్లవాడి మార్కులు కొయ్యకండి.

రూపం సంగతి మీకు తెలిసిందే, జారే చోట్లు మాత్రం చెబుతాను. హ్యాడ్ ముందుకు వస్తుంది, తర్వాత మనిషి, తర్వాత క్రియ మూడో రూపం. ‘హ్యాడ్ యు వెంట్’ కాదు, ‘డిడ్ యు హ్యాడ్ గాన్’ అసలే కాదు. ‘హూ’ తానే కర్త అయితే అటూ ఇటూ మార్చే పని లేదు: ‘హూ హ్యాడ్ లాక్డ్ ద గేట్ బిఫోర్ వి కేమ్?’ ‘హ్యాడ్ యు హ్యాడ్ టిఫిన్ బిఫోర్ ది ఎగ్జామ్?’ అని రెండు హ్యాడ్‌లు వస్తే అచ్చుతప్పు అనుకుని ఒకటి కొట్టెయ్యకండి, రెండూ ఉండాలి. ‘షి ఆస్క్డ్ వేర్ ఐ హ్యాడ్ బీన్’ అన్నప్పుడు ‘వేర్ హ్యాడ్ ఐ బీన్’ అని తిప్పకూడదు, అది ప్రశ్న కాదు, ప్రశ్నను చెప్పడం. ‘హ్యాడ్ యు టోల్డ్ మి, ఐ వుడ్ హ్యావ్ కమ్’ అన్నది ప్రశ్నలాగే మొదలవుతుంది కానీ ‘చెప్పి ఉంటే వచ్చేదాన్ని’ అని అర్థం. ఎనిమిదో తరగతికి ఈ చివరిది ఇప్పుడే వద్దు.

ఇక మనుషుల సంగతి. ఇది వ్యాకరణం కంటే కష్టం.

పిల్లలకు చెప్పకుండా రేపటినుంచి డిడ్ అని మొదలుపెట్టవచ్చు. చాలామంది గమనించరు. కానీ ఆ ఫోటో తల్లిదండ్రుల ఫోన్లలో ఉంది, కాబట్టి ఎవరో ఒక పిల్లవాడు లేచి అడుగుతాడు, అప్పుడు మీరు తడబడతారు. అదే పాత వర్క్‌షీట్‌ను మళ్ళీ పంచి, ‘వీటిలో అప్పటికే అన్న మాట పట్టేవి ఎన్ని? పట్టనివాటిని మార్చండి, లేదా పట్టేలా కథ కలపండి’ అని వాళ్ళకే ఇచ్చెయ్యడం నాకు ఎక్కువ నచ్చే దారి. ‘హ్యాడ్ యు సీన్ ద సీ?’ అన్నదాన్ని ఒకరు ‘హ్యాడ్ యు ఎవర్ సీన్ ద సీ బిఫోర్ యు వెంట్ టు గోపాల్‌పూర్?’ అని సాగదీస్తారు. ఇందులో మీ పరువు కొంచెం పోతుందని భయం ఉండవచ్చు. ఏడో తరగతి పిల్లలు టీచరు దిద్దుకోవడాన్ని ఒక పూట చెప్పుకుని మరిచిపోతారు. దాచినట్టు తెలిస్తే మాత్రం మరిచిపోరు.

బ్యాంకు ఆఫీసరుకు గ్రూపులో జవాబు ఇవ్వకండి. ఇస్తే దాని కింద ఇరవై మంది చేరతారు, సగం మంది మీ వైపు మాట్లాడుతూనే మీకు చెరుపు చేస్తారు. పాప డైరీలో రెండు వాక్యాలు రాస్తే చాలు: చూసినందుకు కృతజ్ఞతలు, ప్రశ్నలు మార్చాం, ఇకముందు ఇలాంటివి నేరుగా నాకు పంపండి. ఈ చివరి మాట మీరు రాయడం కంటే ప్రిన్సిపాల్ చెబితే బరువు ఎక్కువ. అడిగి చూడండి, చెప్పకపోయినా నష్టం లేదు.

సారు దగ్గర మూడు దారులున్నాయి. మీ ఆయన చెప్పినట్టు ఊరుకుంటే ఇంట్లో, స్టాఫ్‌రూములో శాంతి ఉంటుంది, కానీ మీ క్లాసులో ఒక నియమం, పేపర్లో ఇంకో నియమం నడుస్తాయి. మధ్యలో నలిగేది పిల్లలు. అందరి ముందు తప్పని నిరూపిస్తే మీరు గెలుస్తారు, ఆ తర్వాత ఏ పిల్లవాడి మార్కుల గురించి ఆయన దగ్గరకు వెళ్ళినా తలుపు మూసి ఉంటుంది. నేనైతే ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి, ‘సార్, రిపోర్టెడ్ స్పీచ్‌లో డిడ్ హ్యాడ్‌గా మారుతుంది కదా, పిల్లలు దాన్ని నేరు ప్రశ్నల్లోకి తెచ్చేస్తున్నారు, ఎలా ఆపుదాం?’ అని అడుగుతాను. ఇందులో అబద్ధం లేదు, జరుగుతున్నది అదే. ఆయన చేతికి పరిష్కారం ఇచ్చినట్టవుతుంది. ఆయన కాదంటే? కాదనవచ్చు. ఇన్నేళ్ళు చెప్పినదాన్ని ఒక సాయంత్రంలో వదులుకోమంటే ఎవరికైనా కష్టమే. అప్పుడు ఒప్పించే పని పెట్టుకోకుండా, పేపర్లో హ్యాడ్ ప్రశ్నలు ఇస్తే రెండు సంఘటనలూ ఉండేలా ఇవ్వమని ఒక్కటి అడగండి. దానికి ఎవరి నియమం ప్రకారమైనా జవాబు ఒకటే.

డెమోకు ఈ పాఠమే పెట్టుకోవాలా? సారుతో ముందే మాట్లాడి ఉంటే పెట్టుకోండి. పెళ్ళిభోజనం జంటతో మొదలుపెడితే మేనేజ్‌మెంట్ వాళ్ళకు కూడా నవ్వు వస్తుంది, అర్థమూ అవుతుంది. ఆయనతో మాట్లాడకుండా ఆయన ఎదుట ఇదే పాఠం చెబితే, మీ ఉద్దేశం ఏదైనా, ఆయనకు అది దెప్పినట్టే వినిపిస్తుంది. అప్పుడు వేరే పాఠం ఎంచుకోండి. ఏది చెప్పినా అందులో ప్రశ్నలు అడగండి. అడగడం మానేసిన టీచరని డెమోలో తెలిసిపోతే తొమ్మిదో తరగతి పోయేది దానివల్ల, హ్యాడ్ వల్ల కాదు. రేపటినుంచే రోజుకు ఒకటి రెండు చిన్న ప్రశ్నలతో మళ్ళీ మొదలుపెట్టండి, డిడ్‌తోనే.

బోర్డరు వాళ్ళకు ఏ భాషా రాదన్న మాట నాకు ఒళ్ళుమంట. ఇన్ని భాషల మధ్య పెరిగినవాళ్ళకే ఒకదాని అలవాటు ఇంకోదాంట్లోకి ఎలా జారుతుందో కనిపిస్తుంది. మీ పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల దగ్గర కూర్చుని, వాళ్ళు ఎలా మాట్లాడతారో విని, దాన్నే రాసిపెట్టారు. తెలుగు కూడా జనం మాట్లాడినట్టే రాయాలని పోరాడారు. పుస్తకంలో ఉంది కాబట్టో, పెద్దలు చెప్పారు కాబట్టో అని ఆయన ఆగలేదు. మీ ఊరి మనిషి కనుక ఆయన్నే ఒక ప్రశ్నగా క్లాసులో పెట్టండి. సవర వ్యాకరణం 1931లో వచ్చింది, ఒడిశా 1936 ఏప్రిల్ 1న విడి రాష్ట్రమైంది, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. బోర్డు మీద ఈ మూడూ రాసి, ‘హ్యాడ్ హిజ్ గ్రామర్ కమ్ అవుట్ బై 1936?’ అంటే ‘యెస్, ఇట్ హ్యాడ్’. ‘హ్యాడ్ హిజ్ సవర-ఇంగ్లిష్ డిక్షనరీ కమ్ అవుట్ బై దెన్?’ ‘నో, ఇట్ హ్యాడ్న్ట్.’ ‘వెన్ డిడ్ ఇట్ కమ్ అవుట్?’ ఇక్కడ మళ్ళీ డిడ్. ఎందుకు మారిందో వాళ్ళచేతే చెప్పించండి.

చివరగా, అర్ధసంవత్సర పేపర్లో సారు పాత పద్ధతిలోనే ఒక ప్రశ్న ఇచ్చేస్తే పిల్లలు ఏం చెయ్యాలన్న సందేహం మీకు వస్తుంది. ‘హ్యాడ్ యు గాన్ టు మజ్జిగౌరి టెంపుల్?’ అని ఉంటే, ‘యెస్, ఐ వెంట్ దేర్ డ్యూరింగ్ ద హాలిడేస్’ అని పూర్తి వాక్యంలో రాయమనండి. ఆ జవాబుకు ఏ టీచరూ సున్నా వెయ్యలేరు. ప్రశ్నను మాత్రం పేపరు మీద దిద్దవద్దని గట్టిగా చెప్పండి. ముఖ్యంగా ఆ బ్యాంకు ఆఫీసరుగారి పాపకు.